గోడ మీది కత్తెర

అల్ వర్సాన్, దుబాయ్
2024 మార్చి 3

ప్రియమైన దయాకర్,

నువ్వన్నది నిజమే. ఫోన్ల నువ్వు ఎంత మాట్లాడినా నేను 'ఊ' తప్ప ఏమీ అనను. రాస్తేనే నాకు మాట వస్తది. నువ్వు ఊరికి పోయినప్పటి నుంచి ఈ మెయిల్ పద్ధతి పెట్టుకున్నది అందుకే. ఇయ్యాల మాత్రం కోపంతోటి రాస్తున్న.

పొద్దున వీరరాఘవరావు ఆఫీసుకు పిలిచిండు. కూర్చోమన్నడు. చాయ్ తెప్పించిండు. ఆ మనిషి మన టైళ్ళ షెడ్డుకు కొనుగోళ్ళ మేనేజరై వచ్చినప్పటి నుంచి మనలో ఎవరికన్నా చాయ్ తెప్పించిండా? అప్పుడే అనుకున్న, ఏదో ఉన్నది అని.

"ఏవయ్యా రాజలింగం, పాస్‌పోర్టుకి గడువు ఉందా? చైనా వెళ్ళొద్దాం పద" అన్నడు, బర్ దుబాయ్ బజారుకు పోయొద్దాం అన్నట్టు.

పని ఏందంటే, పెద్ద టైల్ పలకలను రెండు దిక్కుల పట్టుకొని క్రేన్‌కు వేలాడే ఆ ఇనుప కత్తెరలు, నీ మీద విరిగిన రకమే, కొత్తవి కొనాలట. ఇన్సూరెన్స్ వాళ్ళు కొత్త షరతు పెట్టిండ్రు. ఇక మీద కత్తెర నమూనాను దానితోటి పనిచేసేటోళ్ళల్ల ఒకడు స్వయంగ చూసి సంతకం పెట్టాలె. లేకుంటే వాళ్ళు బాధ్యత తీసుకోరు. రావు నన్ను ఎందుకు ఏరుకున్నడో నాకు తెలుసు. నేను మాట్లాడనని. పెట్టమన్న కాడ సంతకం పెడతనని.

వస్తనన్న. ఆయన సంబరపడ్డడు. నేను ఎందుకు వస్తనన్ననో ఆయనకు తెల్వదు. ఆ కత్తెర చేసినోని మొఖం చూడాలె. నడిమిట్ల ఉండే ఆ పిన్ను, నా బొటనవేలంత కూడ లేని పిన్ను, దాని మీద మనిషంత ఎత్తు పలకను వేలాడదీయొచ్చని ఎవనికి బుద్ధి పుట్టిందో వాణ్ణి అడగాలె. వానికి తెలుగు రాకపోతే రాకపాయె. నా మొఖం చూస్తే సమజైతది.

షెడ్డు తలుపు మీద ఆ నోటీసు ఇంకా ఉన్నది. హిందీల, ఉర్దూల, ఇంగ్లీషుల. 'దయాకర్ అనే కార్మికుడు అజాగ్రత్తగా పలక కింద నిలబడినందున ప్రమాదం జరిగింది.' రోజూ పొద్దున దాని కింది నుంచే లోపలికి పోతున్నం. నువ్వు కింద నిలబడలే. పక్కన నిలబడి, ఊగకుండ పలకకు చెయ్యి ఆనించినవు. మనకు అట్లనే నేర్పిండ్రు. పలకను కట్టి పట్టుకునే తాడు ఎన్నడన్నా ఇచ్చిండ్రా? క్రేన్ నడిపే షాహుల్ కండ్లార చూసిండు, ముందు పిన్నే విరిగిందని. అడిగితే "చైనా మాల్ హై భాయ్, క్యా కరే" అంటడు, చైనా సరుకు, ఏం చేస్తం అని. కంపెనీ పెద్దసారు ముందట మాత్రం చూడలేదన్నడు. వానికీ ఇల్లున్నది. నాకు తెలుసు. అయినా వాని పక్కన కూర్చొని తినబుద్ధి కాదు.

రోజు ఖర్చు రాసుకునేటప్పుడు అన్నిటికీ ఒక గీత ఉంటది: చాయ్, బస్సు, కూరగాయలు. ఈ కోపాన్ని ఏ గీతలో వేయాలో తెల్వక నీకు రాస్తున్న.

కాలు ఎట్లున్నది? వాసంతి చెల్లెకు అడిగిన్నని చెప్పు.

నీ
రాజలింగం

*

ఇంటి నుంచి
మార్చి 9

రాజన్నకు, మంచంల పడి రాజ్యమేలుతున్న దయాకర్ దండాలు.

నీ మెయిల్ మా ఇంటామె వాసంతికి చదివి వినిపించిన. ఏమన్నదో తెలుసా? "ఆయన చైనా పోతె మంచిదే. వాళ్ళ మాట ఈయనకు రాదు, ఈయనకు అసలు మాటే రాదు, ఇద్దరికీ సరిపోతది" అన్నది. నాకు నవ్వొచ్చి కాలు నొప్పి లేసింది.

కాలు సంగతి అడిగినవు. లోపల రాడ్డు వేసిండ్రు కద, మోకాలు వంగదు. కర్ర పట్టుకొని వాకిలి దాక పోతున్న. మొన్న కోడి నాకన్న ముందు గడప దాటి వెనక్కి తిరిగి చూసింది, వస్తున్నవా లేదా అన్నట్టు. స్నానానికి ప్రమోద్ ఎత్తుకపోతడు. మస్కట్ నుంచి ఖాళీగ వచ్చినప్పటి నుంచి నా తమ్మునికి నేనే డ్యూటీ. వాని మాటలు నీకు తెల్సినయే, నీళ్ళు పోస్తూ కూడ మస్కట్‌ల ఎండ ఎట్లుండేనో చెప్తడు. మీ ఇంటి నుంచి చంద్రవ్వ వదిన పప్పు పంపుతున్నది, బాకీ పడ్డ.

నోటీసు సంగతి వదిలెయ్యన్నా. అది కాయితం. ఎండకు రంగు పోతది.

చైనా పొయ్యి కొట్లాడకు. కొట్లాడి నువ్వేం తెస్తవు? ఒక్క పని చెయ్యి. ఆ కొత్త కత్తెరలు మంచిగ చూడు. పిన్ను నీ చేతితోని పట్టి చూడు. రావు తొందర పెడతడు, తొందర పడకు. నా మాట మీద ఈ ఒక్కటి చెయ్యి.

విమానంల కిటికీ సీటు అడుగు.

ఇట్లు
నడవరాని నీ తమ్ముడు
దయాకర్

*

ఫోషాన్, చైనా
ఏప్రిల్ 16

ప్రియమైన దయాకర్,

వచ్చిన. హోటల్ నెట్‌ల మన వాట్సాప్ గిట్ల ఏవీ తెరుచుకోవు. దుబాయ్ సిమ్ము మీద ఈ మెయిల్ పంపుతున్న.

కిటికీ సీటు రావు తీసుకున్నడు. తీసుకొని, తెర దించి, పడుకున్నడు. నేను నడిమిట్ల కూర్చున్న. అటు పక్క ఒక గుజరాతీ వ్యాపారి. ఖాళీ సూట్‌కేసులు తెస్తున్నడట, నింపుకొని పోతందుకు. "పహలీ బార్?" అని అడిగిండు, మొదటిసారా అని. ఊ అన్న. "లౌట్‌కే దుబాయ్ ఛోటా లగేగా" అన్నడు, తిరిగి పోయినంక దుబాయ్ చిన్నగ అనిపిస్తదట. నేను ఆయనకు జవాబు చెప్పలే గాని, నాకు ఆ మాట నచ్చలే. దుబాయ్ పెద్దదైతె మనదా, చిన్నదైతె మనదా?

గ్వాంగ్‌జౌల దిగినం. అక్కడ వేలిముద్రల మిషన్ ఉన్నది. నా పాస్‌పోర్టు పెట్టంగనే అది హిందీల మాట్లాడింది, ఎడమ చెయ్యి నాలుగు వేళ్ళు పెట్టండి అని, మర్యాదగ. వెనక కౌంటర్ల కూర్చున్న మనిషి మాత్రం నా దిక్కు చూసి ఒక్క ముక్క అనలే. మిషన్లకు మర్యాద నేర్పినోళ్ళు మనిషి మీద పడేటి కత్తెరను అట్లెట్ల చేసిండ్రు అని లోపల మండింది.

ఫ్యాక్టరీ వాళ్ళు కారు పంపిండ్రు. లిన్ అనే అమ్మాయి వచ్చింది, వాళ్ళ ఎగుమతుల పని చూసేటామె. మంచి ఇంగ్లీషు మాట్లాడుతది. గ్వాంగ్‌జౌ ఎక్కడ అయిపోయిందో ఫోషాన్ ఎక్కడ మొదలైందో తెల్వలే. దారి మీద దారి, దాని మీద ఇంకో దారి, ఆ పైన రైలు. సన్నని వాన. ఒక బజారు పొడుగునా కుర్చీలే. అది అయిపోంగనే ఇంకో బజారంత కమోడ్లే. తర్వాత మన పలకలు, మన షెడ్డుకు వచ్చేటియే, ఇక్కడ ఊరికి ఊరే వాటిదే. మన క్యాంపు ఇనుప మంచాలు కూడ ఒక దుకాణం ముందట పేర్చి ఉన్నయి, అదే ఆకుపచ్చ రంగు. దుబాయ్‌ని మనం కట్టినం అని చెప్పుకుంటం కద. దుబాయ్ ఇక్కడ తయారై ఓడెక్కి వస్తున్నది. మనం విప్పి నిలబెడుతున్నం, అంతే.

లిన్ ఒక పెద్ద చౌరస్తా చూపించి, ఇక్కడ మా నాన్న చేపల చెరువు ఉండేది అన్నది. ఆమెకు ముప్పై ఏండ్లు కూడ ఉండయి. రావు "అబ్బో, ఏం డెవలప్‌మెంటమ్మా" అన్నడు. ఆమె నవ్వింది గాని, ఆ చౌరస్తా దాటే దాక అటే చూసింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలనుకున్న. ఆ పూటకు రాలే.

రేపు ఫ్యాక్టరీ. ఎవని మొఖం చూడాల్నో చూస్త.

నేను బయలుదేరే ముందు రాసిన దానికి నువ్వు రెండు ముక్కలే జవాబు రాసినవు. ఎందుకు?

నీ
రాజలింగం

*

ఇంటి నుంచి
ఏప్రిల్ 17

రాజన్నా,

అంత దూరం మంచిగ పోయినవు, సంతోషం. నువ్వు రాసింది చదువుతుంటె నేనే తిరిగినట్టున్నది. ఊరికి ఊరే కమోడ్లంటె వాసంతి నమ్ముతలేదు.

ఇక్కడ రాసేటిది ఏమున్నదన్నా? ప్రమోద్ హైదరాబాద్ పోయిండు, నాలుగు రోజులైతది వచ్చేసరికి. అందుకే స్నానం గూడ వాయిదా.

పిన్ను చూసినవా? చూసినంక ఎంత లావున్నదో రాయి. పాతదానికన్న లావున్నదా, అంతేనా? రాయకుండ ఉండకు. మరిచిపోకు.

దయాకర్

*

ఫోషాన్
ఏప్రిల్ 17, సాయంత్రం

దయాకర్,

కూర్చొని ఓపికగ చదువు. మధ్యల ఆపకు.

పొద్దున ఫ్యాక్టరీకి పోయినం. మన షెడ్డు అసొంటియి ఇరవై ఉంటయి. నేను మనసుల తయారు పెట్టుకున్న మాటలన్నీ తీసుకొని పోయిన. లోపల వాళ్ళ పనోళ్ళున్నరు. ఎక్కడి నుంచో దూరం జిల్లాల నుంచి వచ్చినోళ్ళట, ఆవరణలనే ఉంటరు, మనలెక్కనే ఒకని మీద ఒకని మంచం. ఒక పెద్దాయన పిన్నులకు నూనె పూస్తున్నడు. నేను నిలబడి చూస్తుంటె ఒకటి తీసి తుడిచి నా చేతిల పెట్టిండు. బరువుగ ఉన్నది, లావుగ. నేను దుబాయ్‌ల ఎన్నడూ చూడని లావు. ఇది ఎక్కడికి అని సైగ చేస్తె, ఏదో దేశం పేరు చెప్పిండు. మనది కాదు.

అప్పుడు లిన్ మమ్మల్ని ఒక గదిలకు తీసుకపోయింది. దాని గోడ నిండా కత్తెరలు వేలాడుతున్నయి. ఒక్కొక్క దానికి ఇనుప తీగెతోటి ఒక బిళ్ళ, బిళ్ళ మీద సంతకం, తీగె ముడి మీద సీసం ముద్ర. ఇక్కడి పద్ధతి ఏందంటె, కొనేటోడు వచ్చి ఒక నమూనాకు ఒప్పుకొని సంతకం పెడతడు. దాన్ని గోడకు తగిలిస్తరు. ఆ తర్వాత ఎన్ని చేసినా దాన్ని చూసే చేస్తరు. దానికి మించరు, తగ్గరు. రేపు కొనేటోడు వచ్చి ఇది నేను అడిగింది కాదంటె, గోడ మీద నుంచి దింపి చూపిస్తరు.

మనది దొరికింది. మన కంపెనీ పేరు. సన్నపిన్ను. అదే. నీ మీద విరిగిన దాని తోడబుట్టినదే. బిళ్ళ మీద వీరరాఘవరావు సంతకం.

దాని పక్కనే అదే సైజు, అదే మోడల్, ఇంకో దేశం వాళ్ళది. లావు పిన్ను.

నేను లిన్‌ను అడిగిన, నా ఇంగ్లీషుతోటి: రెండు ఎందుకున్నయి? ఆమె నా మొఖం చూసింది, రావు మొఖం చూసింది. "సన్నది బలం తక్కువ, చిన్న పలకలకే అని మేము చెప్పినం సార్. కొనేవాళ్ళు ఏది అడిగితే అదే చేస్తం" అన్నది.

నేను ఇన్నేండ్లు చైనా మాల్, చైనా మాల్ అని తిట్టుకుంట ఎవని మొఖం చూడాలని వచ్చిన్నో, వాడు నాతోటే విమానంల కిటికీ పక్కన పడుకొని వచ్చిండు దయాకర్.

బయటికి వచ్చినంక ఆయన ముందట నిలబడ్డ. ఆయనే అన్నడు: "అలా చూడకయ్యా. నేనేవన్నా రాక్షసుణ్ణా? ఆ రేటుకి తెమ్మన్నారు, తెచ్చాను. చిన్న పలకలకే అనుకున్నాం. తర్వాత పెద్దవి వచ్చాయి, అవే వాడేశారు. నాక్కూడా పైన ఒకడున్నాడు."

"మరి నోటీసుల దయాకర్ పేరెందుకున్నది?" అన్న. అంత దూరం పోయి నేను అడిగింది ఆ ఒక్కటే.

దానికి ఆయన ఏమన్నడో రాస్త. "నీ స్నేహితుడే ఒప్పుకుని సంతకం పెట్టాడు కదయ్యా, తప్పు తనదేనని. నీకు చెప్పలేదా?" అన్నడు.

లంగమాట, పచ్చి అబద్ధం. నాకు తెలుసు. దవాఖానల నువ్వు మత్తుల ఉన్నప్పుడు వాళ్ళు కాయితం తెస్తె నేనే వెళ్ళగొట్టిన కద, వేలు పట్టి ముద్ర వేయించబోతే. ఆ రోజు షాహుల్ కూడ ఉన్నడు.

నేను గోడ మీది కత్తెరను, బిళ్ళను ఫొటో తీసిన. లిన్ తీసుకొమ్మన్నది, అడ్డం చెప్పలే. దుబాయ్ రాంగనే లేబర్ ఆఫీసుకు పోత. నా పని పోతె పోనీ. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే: నేను ఏ కాయితం మీదా సంతకం పెట్టలేదు, నా పేరు మీద రాజలింగం మాట్లాడుతడు అని రెండు వాక్యాలు రాసి పంపు. ఈ రాత్రికే పంపు. ఎల్లుండి పొద్దున కొత్త నమూనా మీద సంతకం. అప్పటి లోపల నా చేతుల నీ మాట ఉండాలె.

రాజలింగం

*

ఫోషాన్
ఏప్రిల్ 18

దయాకర్,

పొద్దున చూసిన, లేదు. మధ్యాహ్నం చూసిన, లేదు. ఇంటికి ఫోన్ చేసిన. చంద్రవ్వ ఎత్తింది. దయాకర్ మెయిల్ ఎందుకు రాస్తలేడో కనుక్కో అన్న. "నాకేం తెలుసు" అన్నది. ఆమె ఎన్నడూ అంత చిన్నగ మాట్లాడదు. నాకే ఆ అలవాటు.

రావు ఇయ్యాల నన్ను ఊరు చూపిస్త రమ్మన్నడు. పెద్ద పెద్ద షోరూములు తిప్పిండు. ఒక కాడ పాత ఇల్లు ఒకటి మిగిలి ఉన్నది, చుట్టూ నాలుగు దిక్కుల ఫ్యాక్టరీలు. ఒక ముసలాయన ఆ సందులనే పాలకూర పెంచుతున్నడు. రావు ఫొటో దిగిండు. నేను దిగలే.

నువ్వు భయపడుతున్నవా? ఎవరికి? నీకు ఇంక పోయేటిది ఏమున్నది? ఈ మాట కోపంతోటి రాసిన, తీసెయ్యను.

రెండు వాక్యాలు దయాకర్.

రాజలింగం

*

ఇంటి నుంచి
ఏప్రిల్ 18, పొద్దుమీకినంక

రాజన్నా,

నాకు ఇంక పోయేటిది ఏమున్నది అని అడిగినవు. చెప్త.

రావు చెప్పింది నిజం. సంతకం పెట్టిన. దవాఖానల కాదు. అక్కడ నువ్వు వెళ్ళగొట్టినవు, నీ రుణం మరువ. ఇంటికి వచ్చినంక, మంచి తెలివిల ఉండి, కండ్లద్దాలు పెట్టుకొని, రెండుసార్లు చదివి పెట్టిన. తప్పు నాదే అని. పలక కింద నిలబడ్డ అని.

రావు ఫోన్ చేసిండు. నీ జాగల నీ తమ్మున్ని తీసుకుంటం, వీసా మాదే, ఏజెంటుకు ఏమీ ఇచ్చేది లేదు అన్నడు. కాయితం మీద సంతకం కావాలన్నడు. ఇన్సూరెన్స్ కోసమన్నడు. నేను ఒక రాత్రి ఆలోచించి ఊ అన్న. నీ లెక్కనే, ఒక్క ఊ.

ప్రమోద్ హైదరాబాద్ పోయింది వీసా మెడికల్ పరీక్షకు. పాసైండు. వచ్చే నెల టికెట్టు. వానికి ఇద్దరు పిల్లలు, నాకు ఇద్దరు. మస్కట్ నుంచి వచ్చినప్పటి నుంచి ఒక్క పని దొరకలే. మాటల పోగు అని నువ్వు నవ్వుతవు గాని, నన్ను మంచం మీది నుంచి ఎత్తి స్నానం చేయించి మళ్ళ పండబెట్టి, బయటికి పోయి ఒక్కడే కూర్చుంటడు. నేను చూసిన.

నీకెందుకు చెప్పలే అంటె, చెప్తె నువ్వు కొట్లాడుతవు. వీసా రాకముందే అంతా పాడు చేస్తవు. అందుకని చంద్రవ్వ వదినకు చెప్పి, నీకు చెప్పొద్దని మాట తీసుకున్న. ఆమె మీద కోపం చెయ్యకు. ఊరందరికీ తెలుసు. నీకొక్కనికే తెల్వదు. అది నా తప్పు, ఒప్పుకుంట. కాయితం మీది తప్పు కాదు, ఇది నిజం తప్పు.

నువ్వు ఆ ఫొటో బయట పెడితె నా సంతకం అబద్ధమైతది. ప్రమోద్ వీసా ఖలాస్. నువ్వు కోపం పట్టుకొని తిరుగుతున్నవు, నేను కర్ర పట్టుకొని తిరుగుతున్న. ఎవనికి ఏది ఆసరా వాడు అది పట్టుకుంటడు. నా కర్ర గుంజకు.

మొదటి సంది నిన్ను నేను అడుగుతున్నది ఒక్కటే. నువ్వు నా నోటీసు గురించి రాస్తవు, గోడ గురించి రాస్తవు, రావు గురించి రాస్తవు. వచ్చే నెల ఆ కత్తెర పక్కన నిలబడేటిది నా తమ్ముడు. కొత్త పిన్ను ఎంత లావున్నది? అది రాయి.

దయాకర్

కింద వాసంతిని రాస్తున్న అన్నా. ఆయన సంతకం పెట్టిన రోజు అన్నం తినలే. మీకు రాయొద్దన్నడు. రాసిన.

*

అల్ వర్సాన్, దుబాయ్
జూన్ 2

దయాకర్,

ఇన్ని దినాలు రాయలే. రాసేటట్టు లేకుండె. నువ్వు చేసిన ఫోన్లు కూడ ఎత్తలే. ఇప్పుడు కూర్చొని అంతా రాస్తున్న, ఎందుకంటె ప్రమోద్ నీకు వాని పద్ధతిల చెప్తడు, అందుల సగం మస్కట్ ఉంటది.

నీ మెయిల్ వచ్చిన రాత్రి నేను ఆ హోటల్ గదిల నిన్ను తిట్టిన తిట్లు నా జీవితంల ఎవరినీ తిట్టలే. బయటికే తిట్టిన. పక్క గది వాళ్ళు గోడ కొట్టిండ్రు. నాకు అంత మాట వస్తదని నాకే తెల్వదు.

పొద్దున ఫ్యాక్టరీకి పోయినం. బల్ల మీద రెండు కత్తెరలు పెట్టిండ్రు. ఒకటి సన్నపిన్ను, పాతదే, కొంచెం రంగు మార్చింది. ఒకటి లావు పిన్ను. రావు సన్నదాని ముందు బిళ్ళ పెట్టి పెన్ను నాకిచ్చిండు. "ఇప్పుడు పెద్ద పలకలకి వాడొద్దని రాతపూర్వకంగా ఆర్డరేద్దాంలే" అన్నడు.

నేను పెన్ను బల్ల మీద పెట్టిన. పెట్టను అన్న.

"పెట్టకపోతే షాహుల్‌ని తీసుకొస్తానయ్యా. వాడు పెడతాడు."

"తీసుకరండి. మళ్ళ వీసా, మళ్ళ విమానం. పెద్దసారుకు ఏమని చెప్తరో చెప్పండి."

"పిన్ను లావైతే నీ స్నేహితుడి కాలు తిరిగొస్తుందా?"

"రాదు. దాని పక్కన నిలబడేటిది ఆయన తమ్ముడు. మీరు తెస్తున్న మనిషే కద."

ఆయన నన్ను చూసిండు. నాకు తెలిసిపోయిందని అప్పుడు ఆయనకు తెలిసింది. ఫొటో ముచ్చట నేను ఎత్తలే. ఎత్తుతనని ఆయన ఎదురుచూసిండు, మెడ కింద చెమట పట్టింది. నేను ఎత్తలే. నీ కర్ర అది. నేను గుంజలే.

ఆయన ఫోన్ పట్టుకొని కిటికీ కాడికి పోయిండు. ఎవరితోటో చాలాసేపు మాట్లాడిండు, ముందు అరబ్బీల, తర్వాత ఇంగ్లీషుల, మెల్లగ, బతిమాలినట్టు. వచ్చి కుర్చీల కూర్చొని లిన్‌కు లావుదాన్ని చూపించిండు. గెలిచిన అని నాకు అనిపించలే. ఆయన ఓడినట్టు కూడ లేడు. అలిసిపోయినట్టు ఉన్నడు.

నాకు బిళ్ళ ఇచ్చిండ్రు. అందుల తెలుగుల రాసిన. ఏం రాసిన్నంటె, దయాకర్ అని. ఇంటి పేరుతోటి సహా. నా పేరు రాయలే.

లిన్ దాన్ని చూసింది, ఆమెకు తెలుగు అక్షరాలన్నీ ఒక్క తీరే. రావు చదివిండు. "ఇది నీ పేరు కాదు కదయ్యా" అన్నడు. "వాళ్ళకు తెల్వదు, మీకు తెలుసు" అన్న. నూనె పూసే పెద్దాయనను పిలిపించిండ్రు. ఆయన తీగె తిప్పి, ముడి వేసి, సీసం కరగబోసి ముద్ర కొట్టిండు. నిచ్చెన ఎక్కి పాతది దింపి, కొత్తది గోడకు తగిలించిండు. పాతది ఒక డబ్బాల వేసిండ్రు, ఇనుము కరిగించే దిక్కు పోయింది. ఇక మీద మనకు ఏ కత్తెర చేసినా దాన్ని చూసే చేస్తరు.

ఫొటో నా దగ్గరనే ఉన్నది. బయట పెట్టను. తీసెయ్యను కూడ.

ఇక్కడ తలుపు మీద నోటీసు అట్లనే ఉన్నది. నువ్వన్నట్టు ఎండకు ఎర్ర అక్షరాలు పోతున్నయి, నీ పేరు మాత్రం నల్ల అక్షరాలల్ల ఉన్నది, అది పోతలేదు. రోజూ చూస్తున్న. రోజూ మండుతున్నది.

ప్రమోద్ మొన్న వచ్చిండు. నీ మంచమే ఇచ్చిండ్రు, నా పైది. నిన్న మొదటి పని. కొత్త కత్తెర, పెద్ద పలక. షాహుల్ పైకి లేపిండు. అది కొంచెం ఊగింది. నీ తమ్ముడు వెంటనే ముందుకు పోయి చెయ్యి ఆనించబోయిండు, అచ్చం నీ లెక్కనే, ఎద్దును తట్టినట్టు. వానికి ఎవరూ నేర్పలే. నేను వాని చొక్కా పట్టి వెనక్కి గుంజిన. కింద పడ్డడు. మోచెయ్యి గీసుకపోయింది. "ఏందే రాజన్నా, చంపుతవా" అన్నడు. అందరూ నవ్విండ్రు. నేను నవ్వలే. పొద్దునే నేను పలకకు కట్టి ఉంచిన తాడు కొస వాని చేతిల పెట్టిన. దీనితోటి పట్టు, దూరం నుంచి, అన్న. ఆ తాడు నేనే కొన్న, ఇక్కడి చైనా బజార్ల.

పిన్ను ఎంత లావు అని అడిగినవు. నీ బొటనవేలు నా బొటనవేలు కలిపితె ఎంతనో అంత.

నీ మీద కోపం పోలే. పోతదని అనుకోకు. ఇక వాసంతి చెల్లెను సంతకం పెట్టమని రెండో కాయితం ఏదైనా వస్తె నీకన్న ముందు నాకు చెప్పమను.

కోపంలనే ఉన్న,
నీ రాజలింగం